కారు కిందికి చూసేవాళ్లు ఏరీ?

స్క్రీన్ మీద బ్యాటరీ 71 శాతం చూపిస్తోంది. వెనక సీట్లో అమ్మ కునుకు తీస్తోంది. చీకటి పడే వేళ, హైవే మీద చిన్న ఎత్తు ఎక్కుతున్నాం. ముందున్న లారీని దాటుదామని యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కాను. కాళ్ల కింద ఎక్కడో ఫట్‌మని ఒక్క దెబ్బ. ఆ వెంటనే మోటారు సన్నగా ఈల వేసినట్టు పైపైకి అరిచింది. కారు మాత్రం ముందుకు లాగడం మానేసింది.

కాలు తీసేశాను. ఎలక్ట్రిక్ కారు నడిపేవాళ్లకు తెలుసు, యాక్సిలరేటర్ వదలగానే కారు దానంతటదే నెమ్మదిస్తుంది. మోటారు జనరేటర్‌గా మారి చక్రాలను పట్టి ఆపుతుంది, పుట్టిన కరెంటు బ్యాటరీకి చేరుతుంది. రీజెన్ అంటాం కదా, అదే. మూడేళ్లుగా నా కాలు దానికి అలవాటు పడిపోయింది. ఆ సాయంత్రం కాలు తీస్తే ఏమీ జరగలేదు. నున్నటి గచ్చు మీద జారినట్టు కారు అలా పోతూనే ఉంది. బ్రేకు పెడల్ అనేది ఒకటుందని గుర్తు రావడానికి ఒక క్షణం పట్టింది. తొక్కితే డిస్కుల మీద పేరుకున్న తుప్పు గరగరలాడింది. కారు నెమ్మదించింది.

రోడ్డు అంచుకు తెచ్చి పార్క్ బటన్ నొక్కి, బ్రేకు మీంచి కాలు తీశాను. కారు వెనక్కి దొర్లడం మొదలుపెట్టింది. స్క్రీన్ మీద పార్క్ గుర్తు వెలుగుతూనే ఉంది, కారు వెనక్కి పోతూనే ఉంది. అమ్మ ఉలిక్కిపడి లేచి "ఏమైందే?" అంది. మళ్లీ బ్రేకు తొక్కి, హ్యాండ్‌బ్రేక్ స్విచ్ లాగితే గానీ బండి నిలవలేదు. ఆ రెండు మూడు సెకన్లు తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు చల్లబడతాయి. వెనక ఎవరైనా బైకు ఆపుకుని నిలబడి ఉంటే?

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ రోజు విరిగింది బ్యాటరీ కాదు, మోటారు కాదు, ఎలక్ట్రిక్ కారులో కొత్తగా వచ్చిన ఏ భాగమూ కాదు. మోటారు నుంచి చక్రానికి శక్తిని మోసుకెళ్లే ఒక ఇనుప కడ్డీ (డ్రైవ్ షాఫ్ట్) చివర ఉండే జాయింటు. ఏ చిన్న పెట్రోలు కారులోనైనా ఉండేదే. అది ఒక్కరోజులో విరగలేదు. నెలల తరబడి చెబుతూ వచ్చింది. వినేవాళ్లు, చూసేవాళ్లు లేకపోయారు. నేను విన్నాను, పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సిన మిగతావాళ్లు అసలు చూడలేదు. ఎలక్ట్రిక్ కార్లకు మెయింటెనెన్స్ ఉండదన్న మాటకు ఇందులో పెద్ద భాగం ఉందని నా గట్టి నమ్మకం.

ముందు ఆ సాయంత్రం సంగతి పూర్తి చేస్తాను.

మేం దాటబోయిన లారీ వంద గజాల ముందు ఆగింది. డ్రైవర్ దిగి వచ్చి, ఎవరూ చెప్పకుండానే రోడ్డు పక్కనుంచి రెండు రాళ్లు తెచ్చి వెనక చక్రాల వెనక పెట్టాడు. ఆ పని నాకు తోచలేదు. తర్వాత "అక్కా, తాడుంది. న్యూట్రల్‌లో పెట్టండి, పది కిలోమీటర్లు పోతే షెడ్డు వస్తుంది, లాక్కెళ్లి వదిలేస్తా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. పాత కారైతే నేను కూడా సరే అనేదాన్నే. నా కారు మాన్యువల్లో ఒక్క పేజీ ఎప్పుడో చదివి ఉండటం వల్ల కాదన్నాను.

ఎందుకంటే చాలా ఎలక్ట్రిక్ కార్లలో న్యూట్రల్ అంటే పాత గేరుబండి న్యూట్రల్ కాదు. గేర్లు విడిపోవు. మోటారుకు కరెంటు ఇవ్వడం ఆపుతారు, అంతే. చక్రం తిరిగితే డ్రైవ్ షాఫ్ట్ తిరుగుతుంది, గేర్లు తిరుగుతాయి, మోటారు తిరుగుతుంది. మోటారులో శాశ్వత అయస్కాంతాలు ఉంటే, అది తిరిగినంతసేపూ కారు ఆఫ్‌లో ఉన్నా సరే వోల్టేజీ పుట్టిస్తూనే ఉంటుంది. అది నేరుగా, బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చి ఇచ్చే ఇన్వర్టర్ మీద పడుతుంది. వేడెక్కి పాడైతే చిన్న రిపేరు కాస్తా పెద్ద రిపేరవుతుంది. అందుకే కంపెనీలన్నీ దాదాపు ఒకే మాట చెబుతాయి: మోటారు తిప్పే చక్రాలు నేలకు తగలకూడదు, కారును మొత్తంగా మోసే చదును లారీ, అంటే ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి తీసుకెళ్లండి. సాయం కోసం ఫోన్ చేసినప్పుడు "ఎలక్ట్రిక్ కారు, ఫ్లాట్‌బెడ్ కావాలి" అని మొదటి మాటగానే చెప్పండి. నేను చెప్పకపోయుంటే ముందు చక్రాలో వెనక చక్రాలో మాత్రమే పైకెత్తే బండి వచ్చి, మళ్లీ తిరిగిపోయి ఉండేది.

ఇంకొకాయన బైకు ఆపి, దగ్గరికి రాకుండా దూరం నుంచే "బ్యాటరీ బండ్లు పేలతాయమ్మా, పెద్దావిడను దింపెయ్యండి" అన్నాడు. దింపడం మంచిదే, ఆ కారణానికి కాకపోయినా. చీకట్లో హైవే పక్కన ఆగిన ఏ కారులోనైనా మనుషులు కూర్చోవడం ప్రమాదమే, వెనకనుంచి వచ్చేవాడు చూసుకోకపోతే అంతే. పొగ వచ్చినా, బుసబుసమన్న శబ్దం వచ్చినా, ఘాటైన వాసన తగిలినా, స్క్రీన్ మీద హై వోల్టేజీ హెచ్చరిక కనిపించినా అప్పుడు సామాను సంగతి మరిచిపోయి దూరంగా పరుగెత్తాల్సిందే. మా కారులో అవేవీ లేవు. రెయిలింగ్ అవతల అమ్మకు చోటు చూసి కూర్చోబెట్టాను.

కారును మాత్రం ఆఫ్ చేయలేదు. ఇది చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఎలక్ట్రిక్ కారులో పెద్ద బ్యాటరీతో పాటు 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. తలుపుల లాకులు, కంప్యూటర్లు, హజార్డ్ లైట్లు, కరెంటు హ్యాండ్‌బ్రేక్ అన్నీ దాని మీదే నడుస్తాయి. పెద్ద బ్యాటరీని కారుకు కలిపే స్విచ్చులు (రిలేలు) కూడా దాని కరెంటుతోనే మూసుకుంటాయి. కారు ఆన్‌లో ఉన్నంతసేపు పెద్ద బ్యాటరీ ఆ చిన్నదాన్ని చార్జ్ చేస్తూ ఉంటుంది. ఆఫ్ చేసి గంటల తరబడి హజార్డ్ లైట్లు వేసి ఉంచితే చిన్నది ఖాళీ అవుతుంది. అప్పుడు పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు మేల్కోదు, హ్యాండ్‌బ్రేక్ విడిపించలేం, ఫ్లాట్‌బెడ్ మీదికి ఎక్కించడమే కష్టమవుతుంది. అందుకే హై వోల్టేజీ హెచ్చరిక ఏదీ లేదు కదా అని చూసుకుని ఆన్‌లోనే ఉంచాను. రెండు గంటల పదినిమిషాల తర్వాత బండి వచ్చేసరికి బ్యాటరీ 69 శాతం చూపించింది.

మర్నాడు సర్వీస్ సెంటర్‌లో సలహాదారు కుర్రాడు స్కానర్ పెట్టి చూసి, "కారు బాగుంది మేడమ్" అన్నాడు. బ్యాటరీ బాగుంది, మోటారు బాగుంది, ఇన్వర్టర్ బాగుంది. చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్‌ది ఒక లోపం కోడ్ కనిపిస్తే తుడిచేశారట. "మరి కదలదేం?" అని అడిగాను. కాసేపు స్క్రీన్ వైపే చూసి, "డ్రైవ్ యూనిట్ దించి చూడాలి, మొత్తం మార్చాల్సి రావచ్చు" అన్నాడు. మోటారు, గేర్లు, ఇన్వర్టర్ కలిసి ఉండే మొత్తం యూనిట్ అన్నమాట. కారు కిందికి అప్పటిదాకా ఒక్కరూ తొంగి చూడలేదు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతనికి నేర్పిన పని అది. స్కానర్ తనకు సెన్సర్ ఉన్న చోటు గురించే చెప్పగలదు. రబ్బరు చిరిగిందని చెప్పడానికి సెన్సర్ లేదు, గ్రీజు కారిపోయిందని చెప్పడానికి లేదు. మోటారు వేగానికీ చక్రం వేగానికీ పొంతన కుదరలేదని కారు ట్రాక్షన్ కోడ్ రూపంలో తనకు చేతనైనంత చెప్పింది. ఆ ఒక్క ఆనవాలును కూడా తుడిచేశారు.

మూడో రోజు పెద్ద వయసు టెక్నీషియన్ ఒకాయన కారును లిఫ్ట్ మీద ఎక్కించాడు. నన్ను కూడా రమ్మన్నాడు. టార్చి వేసి కుడి ముందు చక్రం వెనక చూపించాడు. ఒక్క చూపు చాలింది. డ్రైవ్ షాఫ్ట్ జాయింటులోంచి ఊడి కిందికి వేలాడుతోంది. దాని చివర చుట్టూ ఉండాల్సిన రబ్బరు బూటు తెగి, ముడతలు ముడతలుగా పీలికలై ఉంది. చక్రం లోపలి వైపు, సస్పెన్షన్ చేయి మీద, పైన రేకు మీద గుండ్రంగా చిమ్మినట్టు నల్లటి గ్రీజు. అది తడిగా లేదు. వేలితో గీకితే మట్టితో కలిసి గట్టిపడి, పెచ్చులుగా ఊడింది. "ఇది ఈ వారం కారింది కాదమ్మా" అన్నాడు ఆయన.

జాయింటు విప్పి, లోపల మిగిలినవాటిని గుడ్డ మీద పరిచాడు. ఉక్కు గోళాలు ఆరు ఉండాలి, నాలుగే ఉన్నాయి. అద్దంలా మెరవాల్సిన గోళాల మీద ఇసుక కొరికినట్టు గుంటలు. వాటిని పట్టి ఉంచే ఉంగరం రెండు చోట్ల పగిలింది. ఒక గోళం తీసి నా చేతిలో పెట్టాడు. బఠాణీ కన్నా పెద్దది, గోలీ కన్నా చిన్నది. రెండు టన్నుల కారు దీని మీద నడుస్తుందా అనిపించింది.

ఈ జాయింటు చరిత్ర చిన్నదేమీ కాదు. చక్రం ఎటు తిరిగినా, పైకీ కిందికీ ఎగిరినా, కుదుపు లేకుండా ఒకే వేగంతో శక్తిని అందించే జాయింటును ఆరు గోళాలతో 1920లలో ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఇంజినీరు రూపొందించాడు. 1959లో వచ్చిన బ్రిటిష్ మినీ కారు దాన్ని ఇంటింటికీ చేర్చింది. ఆ తర్వాత ముందు చక్రాలతో నడిచే కార్లలో ఇదే వెన్నెముక. మెకానిక్కులు సీవీ జాయింటు అంటారు. షాఫ్టుతో కలిపి ఎక్సెల్ అని కూడా అంటుంటారు. దానికి కావాల్సింది ఒక్కటే, గ్రీజు. ఆ గ్రీజు బయటికి పోకుండా, మట్టి లోపలికి రాకుండా అకార్డియన్ లాంటి రబ్బరు తొడుగు. అది చిరిగితే గ్రీజు చిమ్ముతుంది, ఇసుక దూరుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా మలుపు తీసుకుంటే టిక్ టిక్‌మని చప్పుడొస్తుంది. ఆ దశలో పట్టుకుంటే సాధారణంగా జాయింటు ఒక్కటీ మారిస్తే సరిపోతుంది. అంతకు ముందే, రబ్బరు మీద సన్నటి చీలిక కనిపించినప్పుడే పట్టుకుంటే బూటు మార్చి కొత్త గ్రీజు పెడితే చాలు.

ఆ టిక్ టిక్ నేను రెండు నెలలు విన్నాను. పార్కింగ్‌లో మలుపు తిప్పిన ప్రతిసారీ. ఎలక్ట్రిక్ కారు నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి పెట్రోలు కారులో కన్నా స్పష్టంగానే వినిపించింది. టైరులో రాయి ఇరుక్కుందేమో అనుకున్నాను. తర్వాత ప్లాస్టిక్ ఏదో వదులైందనుకున్నాను. అసలు అడ్డుపడింది ఇంకో ఆలోచన: ఇందులో పాడవడానికి ఏముంది? కారు కొన్న రోజు షోరూమ్‌లో చెప్పిన మాట అది. కదిలే భాగాలు ఇరవైయేనట, పెట్రోలు కారులో వేలట. ఆ లెక్క మోటారుది, కారుది కాదు. మోటారు దగ్గర లెక్క ఆపేసి, చక్రాలు, బేరింగులు, బుష్‌లు, బాల్ జాయింట్లు, షాక్ అబ్జార్బర్లు, స్టీరింగ్ రాక్, బ్రేకు కాలిపర్లు లెక్కలోకి తీసుకోకుండా అమ్ముతున్నారు. నేను అలాగే కొన్నాను, మా బంధువుల్లో ఇద్దరి చేత అదే మాట చెప్పి కొనిపించాను. ఆ ఇద్దరికీ ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను.

నిజానికి ఎలక్ట్రిక్ కారులో ఈ పాత ఇనుప భాగాల మీద భారం తగ్గలేదు. అదే సైజు పెట్రోలు కారు కన్నా ఇది బ్యాటరీ వల్ల వందల కిలోలు ఎక్కువ బరువు. ఆ బరువు టైర్లకు, బుష్‌లకు, బేరింగులకు రాత్రీ పగలూ తెలుస్తూనే ఉంటుంది. మోటారు మొదటి క్షణం నుంచే పూర్తి టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తుంది. ఉదాహరణకు 2018 నిస్సాన్ లీఫ్ మోటారు టార్క్ 320 న్యూటన్ మీటర్లు, గేర్ నిష్పత్తి సుమారు 8.19. గుణిస్తే రెండు షాఫ్టులూ కలిసి 2,600 పైచిలుకు న్యూటన్ మీటర్లు మోయాలి. పెట్రోలు కారు కూడా మొదటి గేరులో దానికి దగ్గరగా రాగలదు కానీ, అక్కడ క్లచ్ ఉంటుంది, ఇంజిన్ వేగం అందుకోవడానికి సమయం పడుతుంది. పైగా ఎలక్ట్రిక్ కారులో రీజెన్ వల్ల కాలు తీసిన ప్రతిసారీ అదే షాఫ్టు మీద బలం ఎదురు దిశలో పడుతుంది. ముందుకు తిప్పడం, వెంటనే పట్టి ఆపడం, రోజుకు కొన్ని వందలసార్లు. అలా పనిచేయడానికే తయారుచేశారు, తట్టుకుంటుంది కూడా, గ్రీజు ఉన్నంతకాలం.

ఆ సాయంత్రం రీజెన్ ఎందుకు మాయమైందో, పార్క్ ఎందుకు పట్టలేదో ఆ టెక్నీషియనే వివరించాడు. మోటారు శక్తి డిఫరెన్షియల్ ద్వారా రెండు షాఫ్టులకు పంచబడుతుంది. ఒకవైపు షాఫ్టు తెగితే ఆ వైపు అడ్డే ఉండదు, కాబట్టి శక్తి అంతా ఆ ఖాళీవైపే గిరగిరా తిరిగిపోతుంది. బాగున్న ఎడమ చక్రానికి ఏమీ అందదు. లాగేటప్పుడు ఎలాగో ఆపేటప్పుడూ అంతే, రీజెన్ కూడా అదే దారిలో రావాలి కదా. పార్క్ అంటే గేర్‌బాక్స్ లోపల పంటిచక్రానికి అడ్డం పడే చిన్న ఇనుప కొక్కెం. అది గేర్లను పట్టుకుంది, పట్టుకునే ఉంది. గేర్లకూ చక్రాలకూ మధ్య బంధమే తెగిపోయింది. వెనక చక్రాలను నేరుగా పట్టే హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే మిగిలింది. కొన్ని కార్లలో పార్క్ నొక్కగానే హ్యాండ్‌బ్రేక్ కూడా దానంతటదే పడుతుంది. మాదాంట్లో పడదు. ఇప్పుడు చదును నేల మీద ఆపినా రెండూ వేస్తున్నాను.

ఇక నా వాదన.

పెట్రోలు, డీజిల్ కారుకు ఇంజిన్ ఆయిల్ మార్చాలి. పదివేల కిలోమీటర్లకో, ఏడాదికో. ఆయిల్ మార్చాలంటే కారును లిఫ్ట్ ఎక్కించాలి, ఎవరో ఒకరు కిందికి వెళ్లి నట్టు విప్పాలి. ఆయిల్ కారుతున్న ఆ పది నిమిషాలు ఆ మనిషి ఊరికే నిలబడడు. తల పైకెత్తి చూస్తాడు. బూటు చిరిగింది, బుష్ పగిలింది, షాక్ అబ్జార్బర్ కారుతోంది, టైరు ఒకవైపే అరిగింది అని చెబుతాడు. వందేళ్లుగా కార్లను రోడ్డు మీద భద్రంగా ఉంచింది ఆయిల్ ఎంతో, ఆయిల్ వంకతో కిందికి పోయిన ఆ చూపూ అంతే. దానికి ఎవరూ విడిగా బిల్లు వేయలేదు, అందుకే దాని విలువ ఎవరి లెక్కలోనూ లేదు.

ఎలక్ట్రిక్ కారు వచ్చి ఆయిల్ మార్పును తీసేసింది. మంచిదే. దాంతోపాటే ఆ చూపు పోయింది, దాని స్థానంలో ఇంకేదీ పెట్టలేదు. నా కారు రెండు సర్వీసుల కాగితాలు తీసి చూశాను. టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చారు, ఏసీ ఫిల్టర్ మార్చారు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారు, కడిగారు. ‘కింది భాగం తనిఖీ’ అన్న గడిలో టిక్కు ఉంది. కారు కింద గాలి సాఫీగా పోవడానికి ఈ మూల నుంచి ఆ మూల దాకా ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. అవి విప్పకపోతే చాలా భాగాలు కనిపించవు. వాటిని విప్పినట్టు ఆ కాగితాల్లో ఎక్కడా లేదు.

ఇది నా ఒక్కదాని అనుభవం కదా అనొచ్చు. జర్మనీలో కార్ల తప్పనిసరి తనిఖీలు చేసే టీయూవీ సంస్థల ఏటేటి నివేదికలు చూడండి. మొదటి తనిఖీకి వచ్చే రెండు మూడేళ్ల కార్లలో టెస్లా మోడల్ 3 వరుసగా అట్టడుగున నిలిచింది. 2024 నివేదికలో 14.7 శాతం కార్లలో, 2025 నివేదికలో 14.2 శాతం కార్లలో గట్టి లోపాలు తేలాయి. అవి ఎక్కువగా సస్పెన్షన్‌లో, బ్రేకుల్లో, లైట్లలో తేలినవి. అంటే కంటితో చూస్తే, చేత్తో కదిపితే దొరికేవి. క్రమం తప్పని సర్వీసు షెడ్యూలు లేకపోవడం ఒక కారణమని అక్కడి నిపుణులే అన్నారు. అదే నివేదికల్లో మంచి మార్కులు తెచ్చుకున్న ఎలక్ట్రిక్ కార్లూ ఉన్నాయి. కాబట్టి తేడా కరెంటు వల్ల వచ్చింది కాదు.

దీన్ని పట్టుకుని ఎలక్ట్రిక్ కార్లే దండగ అనేవాళ్లు ఉంటారు. వాళ్లతో నాకు పొత్తు కుదరదు. అదే జర్మనీలో రోడ్డు మీద ఆగిన కార్లకు సాయం చేసే ఏడీఏసీ 2024 లెక్కలు చూడండి. 2020 నుంచి 2022 మధ్య రోడ్డెక్కిన కార్లలో ప్రతి వెయ్యి ఎలక్ట్రిక్ కార్లకు 4.2 బ్రేక్‌డౌన్లు, ఇంజిన్ కార్లకు 10.4. ఎలక్ట్రిక్ కార్లలో ఆ బ్రేక్‌డౌన్లలో దాదాపు సగం ఆ 12 వోల్టుల చిన్న బ్యాటరీ వల్లే. ఎలక్ట్రిక్ కారు తక్కువగా ఆగిపోతుంది, ఇది నిజం. తక్కువగా ఆగుతుంది కాబట్టే చూడటం మానేశాం, ఇదీ నిజం. నేను మళ్లీ కారు కొంటే ఎలక్ట్రిక్‌దే కొంటాను.

బ్రిటన్‌లో కారుకు మూడేళ్లు నిండాక ఏటా జరిగే ఎంఓటీ తనిఖీలో సీవీ బూటు కూడా చూస్తారు. అది ఊడిపోయినా, మట్టి దూరేంతగా చిరిగినా కారు ఫెయిల్. ఎలక్ట్రిక్ కారైనా సరే. ఒక మనిషి, ఒక టార్చి, కొన్ని నిమిషాలు. నేను అడుగుతున్నది ఇంతే, ఇంతకు మించి పెద్ద టెక్నాలజీ ఏమీ కాదు. ఏడాదికోసారి పలకలు విప్పి, కింద నిలబడి చూసే పనిని కంపెనీ షెడ్యూలులోనే పెట్టాలి, దానికి డబ్బు తీసుకున్నా సరే. గడిలో టిక్కు కాకుండా ఫోటో తీసి ఇవ్వాలి. ఎడమ బూటు, కుడి బూటు, ముందు బుష్‌లు, వెనక డిస్కులు. ఫోటో ఇవ్వాలంటే విప్పక తప్పదు.

ఇంకో మాట, బయటి మెకానిక్కుల గురించి. షెడ్డులో పదిహేనేళ్లుగా ఎక్సెల్ బూట్లు మారుస్తున్న మనిషి ఎలక్ట్రిక్ కారు అనగానే చేయి వెనక్కి తీసుకుంటున్నాడు, షాక్ కొడుతుందని. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. నారింజ రంగు కేబుళ్లలో నాలుగొందల వోల్టులు, కొన్ని కార్లలో ఎనిమిదొందలు ఉంటాయి. శిక్షణ లేకుండా వాటి జోలికి పోకూడదు. కానీ డ్రైవ్ షాఫ్టు నారింజ కేబులు కాదు, ఉక్కు కడ్డీ. ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు, పని మొదలుపెట్టే ముందు కరెంటు ఎలా వేరుచేయాలి అన్నది కంపెనీలు బయటి మెకానిక్కులకు విప్పి చెప్పాలి. అమెరికాలో 1996 నుంచి కార్లన్నింటికీ ఒకే రకమైన స్కానర్ సాకెట్, ఒకే భాషలో కోడ్లు తప్పనిసరి అయ్యాయంటే అది పొగను అదుపు చేయడం కోసం. ఎలక్ట్రిక్ కారుకు పొగ లేదు, ఆ నిర్బంధమూ దాన్ని వదిలేసింది. కాలిఫోర్నియా 2026 మోడళ్ల నుంచి బ్యాటరీ ఆరోగ్యం వంటి వివరాలు అందరికీ ఒకే పద్ధతిలో కనిపించాలని 2022లో నియమం పెట్టింది. మంచి మొదలు. నా కారులో ఆ ట్రాక్షన్ కోడ్ ఏమిటో నేనే చదవగలిగి ఉంటే, కనీసం తుడవకుండా ఆపి ఉండేదాన్ని.

బ్రేకుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. రీజెన్ ఉన్న కారులో బ్రేకు ప్యాడ్లు ఏళ్ల తరబడి అరగవు. అది సంతోషమే కానీ, వాడని డిస్కు తుప్పు పడుతుంది, కాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి. బ్రేకు ఆయిల్ వాడినా వాడకపోయినా గాలిలో తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. చాలా కంపెనీలు రెండు మూడేళ్లకోసారి మార్చమంటాయి. ఆ సాయంత్రం రీజెన్ పోయాక నాకూ అమ్మకూ మిగిలింది ఆ తుప్పు పట్టిన డిస్కులే. బ్యాటరీ నూరు శాతం నిండినప్పుడు కూడా చాలా కార్లలో రీజెన్ బాగా తగ్గిపోతుంది, షాఫ్టు తెగాల్సిన పనేమీ లేదు. ఇప్పుడు వారానికోసారి, వెనక ఎవరూ లేని చోట, రీజెన్ తగ్గించి పెట్టి నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు తొక్కుతున్నాను. తుప్పు రాలిపోతుంది, కాలికి కూడా గుర్తుంటుంది.

మీ కారు ముందు చక్రాలతో నడిచేదైతే ఈ వారమే ఒక పని చేయండి. చదును నేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, స్టీరింగ్ ఒకవైపు పూర్తిగా తిప్పండి. కారు ఆఫ్ చేసి దిగి, ఫోన్ టార్చితో చక్రం వెనక చూడండి. ముడతలు ముడతలుగా నల్లటి రబ్బరు తొడుగు కనిపిస్తుంది. ముడతల మధ్య లోతులో చూడాలి, చీలిక అక్కడే మొదలవుతుంది. చుట్టుపక్కల గ్రీజు చిమ్మిన చారలు ఉన్నాయా చూడండి. తర్వాత రెండోవైపు. కారు కిందికి దూరక్కర్లేదు, జాకీ అసలే వద్దు. మాన్యువల్లో టోయింగ్ పేజీని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, నెట్‌వర్క్ లేని చోట అదే దిక్కు.

నా కారుకు షాఫ్టు, జాయింటు కొత్తవి వేశారు. డ్రైవ్ యూనిట్ మార్చాల్సిన అవసరం రాలేదు. అడిగితే ఎడమవైపు బూటు కూడా చూశారు, దాని మీద సన్నటి చీలిక మొదలైంది, అదీ మార్పించాను. మెరుపు పోయిన ఆ గోళం ఒకటి అడిగి తెచ్చుకున్నాను, డ్యాష్‌బోర్డు అరలో ఉంది. సర్వీస్ షెడ్యూలులో కింది పలకలు విప్పి చూసే తనిఖీని చేర్చమని, నా రెండు సర్వీసుల కాగితాలు, ఎండిన గ్రీజు ఫోటోలు జతచేసి కంపెనీకి ఉత్తరం రాశాను. మీ ఫిర్యాదు అందింది అని ఒక ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది. ఆరు వారాలైంది. ఎడమ బూటు ఫోటో కూడా జతచేసి, రేపు రెండో ఉత్తరం పంపుతున్నాను.